సగటు 1 రావాల్సిన చోట 1.65

ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్‌లో నా ప్రాజెక్టుకి తీసుకున్న స్టొకాస్టిక్ సమీకరణం, అంటే రాండమ్ కుదుపులున్న సమీకరణం, చూడ్డానికి చాలా చిన్నది. విలువ 1 దగ్గర మొదలవుతుంది. ప్రతి అడుగులోనూ ఉన్న విలువని ఒక రాండమ్ కుదుపుతో గుణించి, వచ్చినదాన్ని ఆ విలువకే కలపాలి. కుదుపు సగటు సున్నా, వేరియన్స్ (ఇక్కడ కుదుపు వర్గం సగటు) అడుగు పొడవంత. కాలం 1కి చేరేసరికి ఒక్కో దారి (మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడిపిన లెక్క) ఎటు పోయినా, అన్నిటి సగటు మాత్రం 1 ఉండాలి.

కుదుపు రావాలంటే వేరియన్స్ 1 ఉన్న రాండమ్ సంఖ్యని అడుగు పొడవు వర్గమూలంతో గుణించాలి. మొదటి రోజు వర్గమూలం వేయడం మర్చిపోయి, నేరుగా అడుగు పొడవుతో గుణించాను. అడుగులు చిన్నవి చేసేకొద్దీ నాయిస్ (ఆ కుదుపుల అలజడి) మాయమై గీత నున్నగా వచ్చింది. అది సాయంత్రానికే పట్టుకున్నాను.

అసలు తిప్పలు ఆ తర్వాత మొదలయ్యాయి. సమీకరణాన్ని చిన్న చిన్న అడుగులుగా సాల్వ్ చేసే ఆయిలర్ పద్ధతిలో, మామూలుదాని కంటే మోడిఫైడ్ ఆయిలర్ మెరుగని డిగ్రీలో నేర్చుకున్నాం. మోడిఫైడ్‌లో అడుగు మొదట్లో ఒక విలువ, చివర్లో ఒక విలువ తీసుకుని సగటు వేస్తాం. ఇక్కడా అదే వాడాను. వెయ్యి అడుగులు, లక్ష దారులు. సగటు 1.65 వచ్చింది! సీడ్ (రాండమ్ సంఖ్యలు మొదలయ్యే అంకె) మార్చినా 1.65 దగ్గరే. అడుగులు నాలుగు వేలు చేసినా అంతే. సబ్మిషన్ టెన్షన్‌తో నిద్ర పట్టక, పది రోజులు కోడ్‌లో ప్రతి లైనూ తిరగేశాను.

మా గైడ్ మేడం స్క్రీన్ వైపు చూడనే లేదు. "ఒక్క అడుగు చేత్తో వెయ్యమ్మా" అన్నారు.

వేశాను. మామూలు ఆయిలర్‌లో విలువ (1 + కుదుపు) రెట్లవుతుంది, దాని సగటు 1. నా పద్ధతిలో కుదుపు వర్గంలో సగం అదనంగా చేరుతోంది. కుదుపు సగటు సున్నాయే గానీ, దాని వర్గం సగటు అడుగు పొడవంత ఉంటుంది. వెయ్యి అడుగులంటే ఒక్కో అడుగు 0.001, అందులో సగం 0.0005. 1.0005ని వెయ్యిసార్లు గుణించి చూశాను: 1.6485. e, అంటే 2.718కి వర్గమూలం కూడా దాదాపు అంతే.

కోడ్‌లో తప్పు లేదు. నేను సాల్వ్ చేస్తున్నది వేరే సమీకరణం. రాండమ్ సమీకరణాన్ని అర్థం చేసుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. నా సమీకరణం ఇటో పద్ధతిది, అందులో కుదుపుని అడుగు మొదట్లో ఉన్న విలువతోనే గుణించాలి. రెండు చివరల సగటు తీస్తే అది రెండోది, స్ట్రాటనోవిచ్ పద్ధతి అవుతుంది. నాయిస్ లేని సమీకరణాల్లో ఈ తేడా ఉండదు కాబట్టి, డిగ్రీలో మాకెవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

1955 నాటి ఆయిలర్–మారుయామా పద్ధతికి (కుదుపులతో మామూలు ఆయిలర్) వెళ్లాను, సగటు 1కి వచ్చింది. అయితే ఒక్కో దారిలో పొరపాటు సగం కావాలంటే అడుగుని నాలుగో వంతు చేయాలి. ఇది పరీక్షించేటప్పుడు ప్రతి అడుగు పొడవుకీ కొత్త రాండమ్ సంఖ్యలు తీయకూడదు. అతి చిన్న అడుగుల కుదుపులనే రెండేసి, నాలుగేసి కలుపుకుని పెద్ద అడుగులకి వాడాలి. లేకపోతే వేరే వేరే దారులని పోల్చినట్టే.

తర్వాత 1974 నాటి మిల్‌స్టైన్ పద్ధతి. అందులోనూ కుదుపు వర్గంలో సగం ఉంది, దాని పక్కనే సగం అడుగు పొడవు తీసివేత కూడా ఉంది. నా పద్ధతిలో సగటుకి అదనంగా చేరినదాన్ని అది సరిగ్గా తీసేస్తుంది. ఆ తీసివేత చూడగానే కళ్లు చెమర్చాయి, నా పది రోజులు అందులోనే ఉన్నాయి. మిల్‌స్టైన్‌తో అడుగు సగం చేస్తే ఒక్కో దారిలో పొరపాటూ సగమైంది.