సోమశిల పోతే బోటెక్కలే, ఇసుర్రాయి చూసొచ్చినం

కొల్లాపూర్ కాడ కృష్ణ ఒడ్డుకున్న సోమశిల అంటే అందరూ బోటు ఫోటోలే పెడ్తరు కదా, మేమూ దానికే పోయినం. కొల్లాపూర్ దాకా బస్సుల నిలబడే పోయిన, ఆడోళ్ళకు ఫ్రీ అయినకాడికెళ్ళి మనకు సీటెక్కడిది, మా ఆవిడ మాత్రం కిటికీ పక్కన నిద్రపోయింది. ఆడికెళ్ళి ఆటోకు అడిగినంత ఇచ్చినం, ఇగ బోటు రేటు ఇనంగనే మూడ్ పోయి గుడి దిక్కు నడిచినం.

గుడికాడ కూసున్న ఒక అవ్వ "ఇది మునిగిన కాడికెళ్ళి తెచ్చిన గుడి బిడ్డా" అన్నది. తెల్సిందే, శ్రీశైలం డ్యాం నీళ్ళు 885 అడుగుల దాకా నిలుస్తయని రాయికి రాయి ఊడదీసి పైకి తెచ్చి కట్టిండ్రు, అలంపూర్ కాడి కూడవెల్లి సంగమేశ్వరం, పిల్లలమర్రి కాడి రాజరాజేశ్వర గుడి గూడ అట్లొచ్చినయే. మరి మునిగిన ఇండ్ల సంగతేంది అవ్వా అంటే, రా చూపిస్తా అని తీస్కపోయింది.

రేకుల ఇల్లు, దానికి దొర గడీకి పెట్టాల్సినంత టేకు దర్వాజ! 1981ల ఊరు ఖాళీ చెయ్యమంటే దర్వాజ, దూలాలు, వాసాలు ఊడబీకి ఎడ్లబండ్ల మీద ఏస్కొచ్చిండ్రట. వడ్ల గుమ్మి మట్టిది, ఎత్తంగనే పలిగిందట. ఇసుర్రాయి కింది రాయి ఒక బండిల, పై రాయి ఇంకో బండిల, ఆ రెండో బండి వచ్చేదాకా పక్కోళ్ళ ఇంట్ల ఇసురుకున్నరట. పరిహారం పైసలు అప్పులకే సరిపోయినయి, ఇగ వాళ్ళాయన కూలోళ్ళను తోల్కపోయే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీస్కోని ఏడేడనో డ్యాం పనులకు పోయిండు. డ్యాంల ఊరు పోయినోడు డ్యాములు కట్టవోయిండు, పాలమూరు లేబర్ అని పేరు గూడ అట్ల డ్యాం పనులకు పోయిపోయే వచ్చె. ఆయన మోసుకపోయిన రేకు పెట్టె ఇంకా ఉన్నది, అండ్ల ఇప్పుడు రేషన్ కార్డు, కరెంటు బిల్లులు. మా తాత బొంబాయికి వలసపోయినప్పటి పెట్టెనైతే మా ఇంట్ల ఎవరో పాతసామాన్లకేసి ఉల్లిగడ్డలు తీస్కున్నరు.

గుడి రాళ్ళకున్న మర్యాద ఈ సామాన్లకు లేదేందని నాకు మండింది. వలసపోయినోళ్ళ సామాన్లకు పాలమూరుల ఒక మ్యూజియం ఉండాలె, నీ ఇసుర్రాయి అండ్ల పెట్టాలె అవ్వా అన్న.

"ఆడ వెడితే నా కందులు ఎవరిసురుతరు, నువ్వా?"

మా ఆవిడ అవ్వకంటె ఎక్కువ నవ్వింది, నవ్వి కిలో కందిపప్పు గూడ కొన్నది, సూపర్‌మార్కెట్ కంటె ఎక్కువ రేటుకే.