శిలువలు చూడబోయి కరకట్ట ఎక్కిన రోజు

కెనడాలోని హాలిఫాక్స్‌లో అద్దె కారు ధర వినగానే సగం ఉత్సాహం అక్కడే చచ్చిపోయింది. సీజన్ కదా, అడిగిందే రేటు. బస్సులో వూల్ఫ్‌విల్ దాకా పోవచ్చు గానీ ఆ తర్వాత పొలాల మధ్యకి ఎవరు తీసుకెళ్తారు? కారే తీసుకున్నాం. అక్కడే చదువుకుంటున్న మా బామ్మర్ది "రెండు శిలువల కోసం ఇంత ఖర్చా బావా" అని 101 హైవే పొడుగునా సణుగుతూనే ఉన్నాడు.

మేం వెళ్లింది గ్రాండ్-ప్రే అనే ఊరికి. అక్కడ అందరూ ముందు ఎవాంజలీన్ విగ్రహం దగ్గర ఫొటోకి నిలబడతారు. ఆ అమ్మాయి ఓ అమెరికన్ కవి ఊహలో పుట్టింది. ఆయన ఈ నేల మీద ఎప్పుడూ కాలు పెట్టలేదు. అయినా రైల్వే కంపెనీ ఆమె పేరు చెప్పే ఇక్కడికి టూరిస్టుల్ని రప్పించింది. నాకు మాత్రం కొంచెం అవతల ఉన్న రాతి శిలువే నచ్చింది. వూల్ఫ్‌విల్‌లో నగల వ్యాపారం చేసిన హెర్బిన్ అనే ఆయన, తల్లి తరఫున అకాడియన్ (ఒకప్పుడు ఇక్కడ స్థిరపడ్డ ఫ్రెంచి రైతుల సంతతి), ఈ స్థలం కొని, పాత శిథిలాల్లోని రాళ్లతోనే 1909లో దాన్ని కట్టించాడు. అకాడియన్ల శ్మశానం అక్కడే ఉండేది.

1755 సెప్టెంబర్ 5న విన్‌స్లో అనే సైనికాధికారి ఊళ్లోని మగవాళ్లని, పదేళ్లు దాటిన మగపిల్లల్ని చర్చికి పిలిపించాడు. 418 మంది వచ్చారు. తలుపులు మూసి, మీ భూములు, ఇళ్లు, పశువులు ఇక రాజుగారివి, మిమ్మల్ని ఓడలెక్కిస్తాం అని చదివాడు. బ్రిటిష్ రాజుకి బేషరతుగా విధేయత ప్రమాణం చెయ్యలేదన్నది వాళ్ల మీద నేరం. ఫ్రెంచి వాళ్లతో యుద్ధమొస్తే ఆయుధం పట్టబోమన్న షరతు మీద వాళ్లు పట్టుబట్టారు.

జ్ఞాపకార్థం కట్టిన చర్చిలో వెళ్లగొట్టబడిన కుటుంబాల ఇంటిపేర్లు రాసి ఉన్నాయి. అమెరికాలోని లూసియానా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ వాటి మీద వేలు పెట్టి వరసగా చదువుకుంటూ వస్తోంది. తన పేరు దొరికాక కూడా ఆపలేదు, అత్తగారి వైపు పేరు కోసం మళ్లీ మొదటికి వెళ్లింది. వాళ్ల పూర్వీకులు చాలా ఏళ్లు ఫ్రాన్సులో గడిపి, 1785లో ఓడల్లో లూసియానా చేరారట. మాది కృష్ణా డెల్టా చివర, సముద్రం పక్క ఊరని చెప్పాను. "అయితే మీకు ఇక్కడ చూడాల్సింది వేరే ఉంది, కట్ట ఎక్కండి" అంది. ఇనుప శిలువ దారి కూడా ఆవిడే చెప్పింది.

కట్ట ఎక్కాక మా బామ్మర్ది కూడా నోరు మూసుకున్నాడు. ఒకవైపు ఎర్ర బురద, దాని మీద ఉప్పుగడ్డి. ఇంకోవైపు, సముద్రం పోటు మట్టానికి దిగువన, పచ్చటి పొలాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఆటుపోట్లు ఈ ఫండీ ఖాతంలోనివే. 1680ల నుంచి అకాడియన్లు మట్టికట్టలు పోసి, అడుగున చెక్కతూములు పెట్టారు. తూముకి ఒక రెక్క తలుపు. పాటులో వాననీరు బయటికి తోసుకుని పోతుంది, పోటు రాగానే ఆ నీరే తలుపుని మూసేస్తుంది. ఆ పైన రెండు మూడేళ్ల వానకి ఉప్పు కడుక్కుపోతేనే పంట. మా వైపు పోటుకి డ్రైనులోంచి ఉప్పునీరు ఎగదన్ని పొలం చవుడు బారితే మా నాన్న పడ్డ పాట్లు నాకు తెలుసు. అందుకే ఆ తలుపు బొమ్మ ముందు చాలాసేపు ఉండిపోయాను.

ఇనుప శిలువ హోర్టన్ ల్యాండింగ్‌లో ఉంది. 1924లో దాన్ని రైలు పట్టాల పక్కన పెట్టారు, ప్రయాణికులకి కనపడేలా. జనాన్ని ఓడల దగ్గరికి చేర్చిన చోటు ఇటువైపని 2005లో ఇక్కడికి మార్చారు. ఎనభై ఏళ్లు వేరే చోట దండాలు పెట్టించుకుంది పాపం. దోమలు మాత్రం ఇక్కడ తెగ ఉన్నాయి.

శిలువకి దగ్గర్లోనే ఇంకో స్మారకం ఉంది. అది 1760లో న్యూ ఇంగ్లండ్ నుంచి వచ్చి ఆ ఖాళీ భూములు తీసుకున్న ప్లాంటర్లు అనే వలసదారులది. వాళ్లు రావడానికి ముందు ఏడాది నవంబర్ తుఫానుకి కట్టలు తెగాయి. వాటిని బాగుచేసే పని వాళ్లకి తెలీదు. చివరికి ఖైదులో ఉన్న అకాడియన్లనే కూలికి పెట్టుకున్నారు. తాతలు పోసిన కట్ట మీద మనవలు వేరేవాడికి కూలి పని. ఆ తర్వాత 1764లో, కావాలంటే తిరిగొచ్చి ఉండొచ్చని అనుమతి ఇచ్చారు గానీ, ఈ పొలాలు కాదు. చాలామంది పడమర తీరంలో క్లేర్ అనే రాళ్ల నేలలో స్థిరపడ్డారు.

"మరి ఆ కూలీలకి స్మారకం ఏది?" అన్నాడు మా బామ్మర్ది. వెతికాం, నాకేం కనపడలేదు. క్లేర్ వెళ్తే తురిమిన బంగాళదుంపలతో చేసే రాప్యూర్ తినమని ఆ పెద్దావిడ చెప్పింది గానీ, సాయంత్రానికి కారు తిరిగివ్వాలి, ఆలస్యమైతే ఇంకో రోజు అద్దె కట్టాలి. వూల్ఫ్‌విల్‌లో ఆగి శాండ్‌విచ్‌లు తిన్నాం. ఆ రేటు గురించి ఇక్కడ రాయకపోవడమే మంచిది.