తాత కాలి కొలత

తెల్లవారుజామున ఐదున్నరకే ఫోను మోగింది. తీస్తే మా తమ్ముడి భార్య. "వదినగారూ, లేచారా?" అని మామూలుగానే అడిగింది కానీ రాత్రంతా కంటి మీద కునుకు లేదని ఆ గొంతే చెబుతోంది.

మా తమ్ముడిది ఉత్తరాభాద్ర నక్షత్రం, మీనరాశి. మా ఇంట్లో చూసే దృగ్గణిత పంచాంగం ప్రకారం 2025 మార్చి 29న శని మీనంలో ప్రవేశించాడు. అప్పటి నుంచి వాడికి జన్మశని. ఏలినాటి శని ఏడున్నరేళ్ళలో నడిమి రెండున్నరేళ్ళన్నమాట. ఈ మధ్య వాడికి ఉద్యోగంలో పైవాళ్ళతో మాటపట్టింపులు వచ్చాయి. బండి మీద నుంచి పడి చేయి విరిగింది. ఎవరో చెబితే ఒక జ్యోతిష్కుడి దగ్గరకు వెళ్ళారట. ఆయన చక్రం ముందు పెట్టుకుని రెండు నిమిషాలైనా చూడకుండానే ఇంటి యజమానికి గండం ఉందన్నారట. నీలం ఉంగరానికి నలభై ఐదు వేలు, హోమానికి ఇంకో పాతిక వేలు. అమ్మాయి కాలేజీ ఫీజు కోసం దాచిన చీటీ డబ్బు తీసేద్దామనుకుంటున్నారు.

"తీయకపోతే, రేపు ఏదైనా జరిగితే ఆ పాపం నాదే కదా వదినగారూ" అని ఏడ్చేసింది.

"ఈ రోజుకు ఏమీ చేయకమ్మా. సాయంత్రం తమ్ముణ్ణి నాకు ఫోను చేయమని చెప్పు" అన్నాను. పెట్టేసిన తరువాత చాలాసేపు మంచం మీదనే కూర్చున్నాను. నేను గ్రహాలను నమ్మని మనిషిని కాను. నాది మీనం తరువాత వచ్చే మేషరాశి, నాకూ ఆ రోజు నుంచే ఏలినాటి శని మొదలైంది. నమ్మే మనిషిని కాబట్టే ఆ పిల్ల ఏడుపు నా గుండెకు అంతగా తగిలింది. శనైశ్చరుడంటే మెల్లగా నడిచేవాడని అర్థం. పన్నెండు రాశులూ తిరిగి రావడానికి దాదాపు ముప్పై ఏళ్ళు తీసుకునే ఆయన పేరు చెప్పి, ఈ రాత్రికి ఈ రాత్రే డబ్బు కట్టకపోతే కొంప మునుగుతుందని మనుషులను పరుగెత్తించడం ఎంత అన్యాయం!

శనివారం మా ఇంట్లో పని తలంటుతో మొదలవుతుంది. మామయ్యగారికి ఎనభై దాటింది, మోకాళ్ళు వంగవు. నువ్వుల నూనె చిన్న ఇత్తడి గిన్నెలో పోసి గోరువెచ్చగా కాచి ఇస్తాను. మా వారు ఆయనను పీట మీద కూర్చోబెట్టి మాడుకు పెట్టి, భుజాలకు, మోకాళ్ళకు పట్టిస్తారు. ఒకప్పుడు ఇంట్లో అందరి జాతకాలూ చూసి పరిహారాలు చెప్పింది మామయ్యగారే. ఇప్పుడు చూపు ఆనక పంచాంగం నా చేత చదివించుకుంటారు. ముసలివాళ్ళు, కాయకష్టం చేసేవాళ్ళు, కాళ్ళు సరిగా లేనివాళ్ళు, వీళ్ళంతా శనికి చెందిన మనుషులని నాకు మొదట చెప్పింది ఆయనే. శని మహాత్ముడికి పంగు అని కూడా పేరుంది, కుంటివాడని. ఇంట్లో ముసలాయన మోకాళ్ళకు నూనె రాస్తూ శనికి ఏమి పరిహారం చేయాలని వేరే ఎవరినో అడగనక్కర లేదని నాకు లోపల గట్టి నమ్మకం. ఈ మాట మా వారితో అనలేదు. అంటే ఆయన సిగ్గుపడతారు.

తరువాత నువ్వుల అన్నం. నల్ల నువ్వులు ముందు రోజే కడిగి ఆరబెట్టి ఉంచాను. మూకుడు వేడెక్కాక సన్నని మంట మీద వేసి కదుపుతూ ఉంటే మొదట తడి వాసన, తరువాత ఏ వాసనా లేని ఒక నిమిషం, ఆ తరువాత ఉన్నట్టుండి చిటపటమని ఒకటీ రెండూ ఎగురుతాయి. ఆ మొదటి చప్పుడు వినగానే దించేయాలి. ఇంకో పది క్షణాలు ఆగితే చేదెక్కుతాయి. ఎండుమిరపకాయలు, ఉప్పు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచి, వేడి అన్నంలో నువ్వుల నూనెతో కలిపాను. నైవేద్యం పెట్టి "నీలాంజన సమాభాసం రవిపుత్రం యమాగ్రజం" శ్లోకం పంతొమ్మిది సార్లు చదివాను. శని జపసంఖ్య పంతొమ్మిది వేలంటారు, జాతకంలో ఆయన ఏలుబడి నడిచే కాలం, అంటే మహాదశ, పంతొమ్మిదేళ్ళు. నాకు వేలు కుదరవు. పంతొమ్మిది సార్లు మనసు పెట్టి చదవడం కుదురుతుంది.

మొదటి ముద్ద కాకికి. పిట్టగోడ మీద విస్తరాకు ముక్కలో పెడితే ముందు పావురాలు వాలాయి. వాటిని తోలుతూ పావుగంట నిలబడ్డాను. చివరికి ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీద నుంచి ఒక కాకి వచ్చింది. దూరంగా వాలి, పక్కకు పక్కకు గెంతుతూ దగ్గరకు వచ్చి, మెడ వంచి నా వైపు ఒకసారి చూసి ముద్దలో సగం ఎత్తుకుపోయింది.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. ఇన్ని నెలలుగా నన్ను తొలుస్తున్నది ఇదే.

మా అపార్టుమెంటు వాచ్‌మన్ తాతకు కుడికాలు చిన్నప్పటి నుంచి సన్నగా, పొట్టిగా ఉంటుంది. ఆ పాదం ఈడ్చి నడుస్తాడు. శనికి చెప్పులు, గొడుగు, నల్లబట్ట, ఇనుము, నువ్వులు, నూనె దానం ఇస్తే మంచిదని అందరికీ తెలిసిందే. పోయిన ఏడాది నేనూ ఒక నల్ల చెప్పుల జత తెచ్చి తాత చేతిలో పెట్టి, దణ్ణం పెట్టి వచ్చేశాను. పని అయిపోయిందనుకున్నాను. ఆరు నెలల తరువాత మోటారు వేయమని చెప్పడానికి ఆయన గదికి వెళితే ఆ జత కవరులోనే, కిటికీ పైన అరలో ఉంది. ఎడమకాలికి బిగుతట. కుడికాలికేమో వదులై జారిపోతుందట. "మీరు ప్రేమగా ఇచ్చారు కదమ్మా, పారేయబుద్ధి కాలేదు" అన్నాడు. నాకు ఒళ్ళంతా చల్లబడిపోయింది. ఆయన కాళ్ళు కుదురుగా లేవనే కదా దానానికి ఆయనను ఎంచుకున్నది! ఆ కాళ్ళను మాత్రం ఒక్కసారి చూడలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. శనిదానం పుచ్చుకుంటే ఇచ్చినవాడి దోషం పుచ్చుకున్నవాడికి పోతుందని చాలామంది భయపడతారు. అందుకే తిలదానం పట్టేవాళ్ళు జపం చేసుకుంటారు, ప్రాయశ్చిత్తం చేసుకుంటారు. మరి ఏ మాటా చెప్పకుండా ఒక పేదవాడి చేతిలో నువ్వుల మూట పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయడం దానమెలా అవుతుంది? నా కష్టం నీ నెత్తిన పడనీ అని మనసులో అనుకుంటూ ఇచ్చేది, ఎంత ఇచ్చినా, నా దృష్టిలో దొంగతనం కంటే తక్కువది కాదు. ఈ సంగతి మామయ్యగారిని అడిగితే, "చెప్పి ఇవ్వు అమ్మాయ్. వద్దనే వీలు వాళ్ళకు ఉంచు" అన్నారు.

అందుకని మొన్న గురువారం తాత దగ్గరకు వెళ్ళి కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. నాకు ఏలినాటి శని నడుస్తోంది, శనివారం నాడు మీకు చెప్పులు ఇవ్వాలనుకుంటున్నాను, మీకు ఇష్టం లేకపోతే మామూలు రోజునే ఇస్తాను అన్నాను. తాత కాసేపు ఆలోచించి, తనకు అటువంటి పట్టింపులు లేవన్నాడు. పాత వార్తాపత్రిక నేల మీద పరిచి ఆయన రెండు పాదాలూ పెట్టమని, పెన్సిలుతో చుట్టూ గీశాను. ఎడమ పాదం వెడల్పుగా, మడమ పగుళ్ళతో. కుడి పాదం రెండు వేళ్ళ మందం పొట్టి, వేళ్ళు లోపలికి ముడుచుకుని, బొటనవేలి అంచున ఈడ్చి ఈడ్చి గట్టిపడిన కాయ. గీస్తున్నంతసేపూ తాత కదలకుండా గోడ పట్టుకుని నిలబడ్డాడు.

శనివారం చెప్పులు, నూనె, ఇనుము కొనకూడదంటారు కాబట్టి నిన్న శుక్రవారం సాయంత్రమే తాతను ఆటోలో దుకాణానికి తీసుకుని వెళ్ళాను. వెనక పట్టీ, బిగించుకునే బకిల్ ఉన్న రకం చూపించమన్నాను. కుడికాలిది చివరి రంధ్రం దాకా బిగిస్తే ఆగింది. అక్కడొక చిక్కు వచ్చింది. శనికి నలుపే ఇవ్వాలి. నేను నల్లవి పక్కన పెట్టించాను. తాత మాత్రం ముదురు గోధుమరంగు జత మీద చేయి వేసి, "నలుపైతే దుమ్ము కనబడుతుందమ్మా" అన్నాడు. రెండు జతలూ చేతుల్లో పట్టుకుని నిలబడిపోయాను. చివరికి ఆయన అడిగినవే తీసుకున్నాను. ఇంటికి వచ్చి ఆ సంగతి చెబితే మామయ్యగారు, "నడిచేది ఆయన. రంగు కూడా ఆయనదే" అని కళ్ళు మూసుకున్నారు.

ఈ పొద్దున స్నానం, పూజ అయ్యాక ఆ చెప్పులు, ఒక డబ్బాలో నువ్వుల అన్నం, చిన్న సీసా నూనె ఇచ్చి వచ్చాను. తాత నా ముందే వేసుకుని గేటు దాకా వెళ్ళి వచ్చాడు. కుడికాలు ఈడ్చే చప్పుడు మాత్రం పోలేదు. అది ఎలా పోతుంది!

మధ్యాహ్నం నవధాన్యాల డబ్బాలు తుడిచి సర్దాను. గోధుమలు రవికి, బియ్యం చంద్రుడికి, కందులు కుజుడికి, పెసలు బుధుడికి, శనగలు గురువుకు, బొబ్బర్లు శుక్రుడికి, నువ్వులు శనికి, మినుములు రాహువుకు, ఉలవలు కేతువుకు. ఉలవలు పురుగు పట్టాయి, ఎండలో పోశాను. మా అమ్మాయి పెళ్ళి సంబంధాలు కుజదోషం పేరుతో వెనక్కి పోయిన రోజుల్లో ఈ కందుల డబ్బా నెలకు రెండుసార్లు ఖాళీ అయ్యేది. మంగళవారం మంగళవారం సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్ళి, కందిపప్పు ఎవరో ఒకరి ఇంటికి చేర్చేదాన్ని. దాని మీద పైసా అప్పు చేయలేదు. గ్రహాలకు పెద్దలు చెప్పిన సమిధలు చూసినా అంతే: రవికి జిల్లేడు, బుధుడికి ఉత్తరేణి, శనికి జమ్మి, రాహువుకు గరిక, కేతువుకు దర్భ. దారి పక్కన, చేను గట్టు మీద దొరికేవి. కొనలేనివాళ్ళను దృష్టిలో పెట్టుకుని చెప్పినట్టే నాకు అనిపిస్తుంది.

సాయంత్రం నల్ల గుడ్డలో గుప్పెడు నువ్వులు మూట కట్టి, నూనెలో నానబెట్టి, మట్టి ప్రమిదలో వెలిగించాను. ఏడున్నరకు తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, ఉంగరానికి ఐదు వేలు బయానా ఇచ్చేశాను" అన్నాడు. గొంతులో తప్పు చేసిన చిన్నపిల్లవాడు. తిట్టలేదు. మామయ్యగారు ఫోను తన చెవి దగ్గర పెట్టమని సైగ చేశారు. నీలం శనికి బలం పెంచే రాయి, శాంతి చేయడం వేరు, బలం పెంచడం వేరు, లగ్నం చూడకుండా నీలం జోలికి పోకూడదు అని నెమ్మదిగా చెప్పారు. ఆ తరువాత, "నీ నక్షత్రానికి అధిపతే శని కదయ్యా. నువ్వు పుట్టిందే శని మహాదశలో. అక్షరాలు దిద్దింది ఆయన దశలోనే. ఆయన నీకు కొత్తవాడు కాదు, ఎందుకంత బెదురుతావు?" అన్నారు. అవతల తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. పొద్దుటి నుంచి నాకు తోచని మాట అది.

"మరి నేను ఏమి చేయాలక్కా?" అన్నాడు చివరికి.

శనివారం నువ్వుల నూనె దీపం, ఆ ఒక్క శ్లోకం, కాకికి ముద్ద చెప్పాను. విరిగిన చేయి నొప్పి పెడుతుంటే ముందు డాక్టరుకు చూపించమన్నాను. మరదలిని కూర్చోబెట్టి చీటీ డబ్బు కదపనని మాట ఇవ్వమన్నాను. ఇంకా ఏమైనా ఉందా అని అడిగితే అడిగేశాను: "నీ కింద పదిహేనుమంది కూలీలు పనిచేస్తారు కదరా. వాళ్ళెవరికైనా ఇవ్వవలసింది ఉందా?"

మళ్ళీ మౌనం. తరువాత, "ఇద్దరికి పోయిన నెల ఓటీ డబ్బులు ఆగాయి. బిల్లు మీద నేను సంతకం పెట్టలేదు" అన్నాడు. చెప్పిన మాట వినలేదని కోపం వచ్చి ఆపాడట. "సోమవారం పొద్దున్నే పెడతాను" అన్నాడు. వాళ్ళెవరని గాని, ఎంత అని గాని నేను అడగలేదు.

ఇది రాస్తుంటే పది దాటింది. దీపం ఇందాకే కొండెక్కింది. గుడ్డ మూట ఇంకా అంచున ఎర్రగా రాజుకుంటోంది, మాడిన నువ్వుల వాసన ఇల్లంతా ఉంది. మామయ్యగారు పక్కగదిలో నుంచి రేపటి తిథి ఏమిటో చూడమంటున్నారు.