హాంకాంగ్‌లో కుట్టిన జెండా

ఈ రోజు హాంకాంగ్‌లో మోరిసన్ హిల్ రోడ్డు మీద చాలాసేపు నడిచాను. ఫిలిప్పీన్స్ మొదటి జాతీయ జెండా ఇక్కడే, 535 నంబరు ఇంట్లో తయారైంది. 1898లో, స్పెయిన్ మీద తిరగబడ్డ అగినాల్డో అడిగితే, దేశం విడిచి వచ్చి తలదాచుకుంటున్న మార్సెలా అగోన్సిల్యో కుట్టింది. సాయం ఇద్దరే: చిన్నారి కూతురు లోరెంజా, 1896లో స్పెయిన్ కాల్చి చంపిన ఫిలిప్పీన్స్ రచయిత హోసే రిజాల్ మేనకోడలు డెల్ఫినా. మామయ్యను పోగొట్టుకుని రెండేళ్లు కూడా కాలేదు, ఆ అమ్మాయి కూర్చుని జెండా కుట్టింది! నాకైతే గుండె బరువెక్కింది. పట్టుబట్ట, బంగారు జరీతో సూర్యుడు, ఎనిమిది కిరణాలు, మూడు నక్షత్రాలు. ఐదు రోజుల పని.

జూన్ 12న ఫిలిప్పీన్స్‌లోని కవీట్ ఊళ్లో స్వాతంత్ర్యం ప్రకటించి ఎగరేశారు. ఆ ప్రకటనలో ఓ మాట ఉంది: ఎరుపు, నీలం, తెలుపు రంగులు, అప్పుడు స్పెయిన్‌తో యుద్ధం చేస్తున్న అమెరికా జెండాను తలుచుకుంటూ, కృతజ్ఞతగా పెట్టుకున్నవని. అంత నమ్మారు పాపం. అదే ఏడాది డిసెంబరులో అమెరికా 2 కోట్ల డాలర్లకు ఆ దీవులను స్పెయిన్ దగ్గర రాయించుకుంది. 1907లో ఈ జెండా ఎగరేయడమే నేరమని చట్టం చేసింది, 1919 దాకా ఎత్తలేదు. ఇది చదివినప్పటి నుంచీ నా కోపం తగ్గడం లేదు.

ఇక్కడ ఇళ్లలో పనిచేసే ఫిలిప్పీన్స్ అక్కలు ఆదివారాలు ఊరి నడిబొడ్డున సెంట్రల్ అనే పేటలో కలుస్తారు. ఈసారి వెళ్లి డెల్ఫినా గురించి అడగాలి.