టన్నెల్ మీద కార్పెట్ మూడోసారీ లేచింది

నిన్న సాయంత్రం బండి దిగబోతూ టన్నెల్ మీద, అంటే ముందు సీట్ల మధ్య గేర్‌బాక్స్‌ని కప్పే ఉబ్బెత్తు రేకు మీద, ఫోర్‌వీల్ డ్రైవ్ మార్చే ట్రాన్స్‌ఫర్ లివర్ పక్కన చెయ్యి ఆనించాను. కార్పెట్ మెత్తగా కిందికి దిగింది, చెయ్యి తియ్యగానే మళ్లీ పైకొచ్చింది. ప్రాణం ఉసూరుమంది. అతికించి సరిగ్గా పదకొండు రోజులు. స్కేలు పెట్టి చూస్తే ఉబ్బు పొడవు 11 సెంటీమీటర్లు, వెడల్పు 7, నడుమ ఎత్తు 9 మిల్లీమీటర్లు. రెండోసారి లేచినప్పుడూ ఇదే చోటు, ఇంచుమించు ఇదే కొలత. ప్రతిసారీ ఒకే చోట, ఒకే కొలతలో లేస్తోందంటే దానికో కారణం ఉండి తీరాలి. రాత్రంతా దాని గురించే ఆలోచిస్తూ పడుకున్నాను.

మిగతా ఫ్లోరంతా బ్రహ్మాండంగా కుదిరింది. డ్రైవర్ వైపు, పక్క సీటు కింద, వెనక కాళ్లు పెట్టుకునే చోటు, ఎక్కడా ముడత లేదు. తలుపుల గడప మీద కార్పెట్ అంచుని పట్టి ఉంచే సిల్ ప్లేట్లు మొదటి ప్రయత్నంలోనే కూర్చున్నాయి.

అసలు ఈ కార్పెట్టే ఎందుకు తీసుకున్నానో ముందు చెప్పాలి, ఎందుకంటే గొడవ మూలం అక్కడే ఉంది. పాతది పీకినప్పుడు దాని కింద జనపనార ఫెల్ట్ ఉంది. పైన చెయ్యి పెడితే పొడిగానే అనిపించింది. కింద పిండితే నీళ్లు కారాయి. బండి వానలో తడిసి నెల దాటింది, ఏరు దాటింది అంతకన్నా ముందు. డ్రైవర్ వైపు ముక్క తూకం వేస్తే 3.4 కిలోలు. వారం రోజులు ఎండబెట్టాక 1.9. అంటే కిలోన్నర నీళ్లు నెలరోజులుగా ఇనప రేకుని అంటిపెట్టుకుని ఉన్నాయి. దాని కింద ఫ్లోర్‌లో అరచెయ్యంత మేర తుప్పు, రెండు చోట్ల స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోయింది. తుప్పు కోసి, ముక్కలు వెల్డింగ్ చేసి, తుప్పుని ఆపే పెయింటు పీఓఆర్-15 రెండు కోట్లు వేసిన సంగతి పోయినసారి రాశాను.

అందుకే కొత్తది ఎంచుకునేటప్పుడు రంగు, మెత్తదనం తర్వాత సంగతి అనుకున్నాను. నీళ్లు తాగుతుందా, తాగితే ఎంతసేపటికి ఆరుతుంది, టన్నెల్ వంపుకి లొంగుతుందా, ఈ మూడే చూశాను. మూడు రకాల శాంపిళ్లు 20 సెంటీమీటర్ల చదరం ముక్కలుగా కోసి, పది నిమిషాలు నీళ్లలో ముంచి, నీడలో వేలాడదీశాను. 80/20 లూప్, అంటే పోగుల్ని కోయకుండా ఉంగరాల్లా వదిలినది, చూడ్డానికి చాలా బాగుంది. 80 శాతం రేయాన్, 20 శాతం నైలాన్ కలిపిన రకం ఇది, 1970ల మొదటి దాకా అమెరికా కార్లలో మామూలుగా వేసేవాళ్లు. కార్ షోలో పెట్టే బండికి అదే సరైనది. ఏర్లలో దిగే బండికి మాత్రం పనికిరాదు, రేయాన్ నీళ్లు బాగా పీలుస్తుంది. మర్నాటి ఉదయానికీ తడిగానే ఉంది. పాలీప్రొపిలీన్ నీడిల్ పంచ్, అంటే పడవల్లో వేసే తరహాది, మూడు గంటల్లో ఆరిపోయింది. ఎండకి వెలవదు, చేత్తో లాగితే కాస్త సాగుతుంది కూడా. కానీ మడమ ఆనే చోట త్వరగా అణిగిపోతుంది, ఆ నలిగిన మచ్చ మళ్లీ లేవదు. పైగా దానికి జిగురు సరిగా పట్టదు.

చివరికి కట్ పైల్ (పైకి లేచిన పోగుల కొసలు కోసిన రకం) నైలాన్ తీసుకున్నాను, వెనక పాలీఎథిలీన్ పూత ఉన్నది. కంపెనీల మౌల్డెడ్ సెట్లలో ఉండేదీ దాదాపు ఇదే. వెనక పూతని వేడిచేసి, అచ్చులో నొక్కి, చల్లారనిస్తే ఆ ఆకారంలో ఉండిపోతుంది. పాలీఎథిలీన్ 110 డిగ్రీల చుట్టుపక్కల కరగడం మొదలవుతుంది, నైలాన్ 220 దాటితే గానీ కరగదు. మధ్యలో అంత వ్యవధి ఉంది కాబట్టి ఇంట్లో హీట్ గన్‌తో పని చేసేవాళ్లకి ఇదే నయం. పాలీప్రొపిలీన్ అయితే 160కే కరిగిపోతుంది, చెయ్యి జారితే పోగులన్నీ గట్టి పెచ్చుగా మారతాయి. నా బండి వేరియంట్‌కి, రెండు లివర్ల కన్నాలు సరిపోయేలా, మౌల్డెడ్ సెట్ దొరకలేదు. దొరికే మోడల్ ఉన్నవాళ్లు ఆలోచించకుండా సెట్టే కొనుక్కోండి. నేను రోల్ తెచ్చుకుని కోసుకుంటున్నాను.

ఇళ్లలో వేసే కార్పెట్ వాడొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. నేనైతే వద్దనే అంటాను. అమెరికా వాహన భద్రతా ప్రమాణం ఎఫ్ఎంవీఎస్ఎస్ 302 ప్రకారం క్యాబిన్ లోపలి ఫ్లోర్ కార్పెట్ లాంటివి నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించిన వేగంతో కాలకూడదు. ఇంటి కార్పెట్‌ని ఆ లెక్కలో పరీక్షించరు. కాళ్ల కింద వైర్లు, దాని కింద ఎగ్జాస్ట్ ఉన్న చోట అది నాకు చిన్న విషయంగా అనిపించదు.

ఇక టన్నెల్ సంగతి.

మొదటిసారి మామూలు స్ప్రే జిగురు వాడాను. టన్నెల్ మీద ముందే డైనమాట్, అంటే చప్పుడు తగ్గించే, పైన అల్యూమినియం పొర ఉన్న షీటు, పరిచి ఉంది. గంటసేపు లో రేంజ్‌లో (వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ ఉండే గేర్లలో) కొండెక్కి, దిగగానే ఆ అల్యూమినియం పొర మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే 38 డిగ్రీలు చూపించింది. ఈ మాత్రం వేడికి ఏ జిగురైనా ఆగుతుంది అనుకున్నాను. నాలుగో రోజుకే లేచింది. పీకి చూస్తే జిగురు పాకంలా తీగలు సాగుతోంది. అప్పుడు అర్థమైంది, మెరిసే లోహం మీద ఆ థర్మామీటర్ చెప్పే లెక్క తప్పు. దాని మీద ఒక ముక్క మాస్కింగ్ టేపు అంటించి టేపు మీద కొలిస్తే 66 డిగ్రీలు! అదే చోటు, అదే నిమిషం, తేడా 28 డిగ్రీలు. ఎవరైనా టన్నెల్ వేడి కొలిచేటట్టయితే టేపు మీదే కొలవండి, దయచేసి.

రెండోసారి కార్ల పైకప్పుకి వైనిల్ తొడుగు (వైనిల్ టాప్) వేసే పనివాళ్లు వాడే వెల్డ్‌వుడ్ ల్యాండౌ రకం కాంటాక్ట్ జిగురు. బ్రష్‌తో రెండు వైపులా రాసి, పన్నెండు నిమిషాలు ఆగి, రోలర్‌తో అద్దాను. వేడికి ఆగే విషయంలో దానికి వంక పెట్టలేను. మూడు వారాలు నిలిచింది. తర్వాత లేచినప్పుడు చూస్తే జిగురంతా రేకు వైపే ఉండిపోయింది, కార్పెట్ వెనక భాగం కడిగిన గాజులా శుభ్రంగా ఉంది. దాని మీద ఒక నీటి చుక్క వేశాను. తామరాకు మీద బొట్టులా గుండ్రంగా నిలబడింది. నీళ్లే అంటని చోట జిగురు ఎలా అంటుతుంది? పాలీఎథిలీన్ గుణమే అది. తప్పు జిగురుది కాదు, నేను దానికి అందించిన ఉపరితలానిది.

మూడోసారి వెనక పూతని 80 నంబరు గరుకు కాగితంతో బాగా రుద్ది, పాలీఎథిలీన్‌కి పట్టుకునే రకం, త్రీఎం 90, వాడాను. ఈసారి ఖాయం అనుకున్నాను. పదకొండు రోజులు!

ఈ ఉదయం పీకేటప్పుడు మాత్రం ఒక కొత్త విషయం కనబడింది. ఉబ్బు చుట్టూ జిగురు గట్టిగా పట్టి ఉంది. 5 సెంటీమీటర్ల వెడల్పు అంచుకి క్లిప్పు వేసి కొక్కెం తూకంతో లాగితే 2.8 కిలోల దగ్గర గానీ ఊడలేదు. ఉబ్బు నడిమధ్యలో జిగురు రెండు వైపులా ఉంది, నడుమ చిరిగినట్టు పోగులు పోగులుగా. అంటే జిగురు తన పని తను చేసింది. కార్పెట్టే దాన్ని రోజూ కొంచెం కొంచెం పైకి గుంజి చింపేసింది.

ఎందుకు గుంజుతోంది? పీకిన ముక్కని బల్ల మీద పెట్టి వంపు ఎత్తు కొలిచాను, 62 మిల్లీమీటర్లు. రెండు గంటలు ఎండలో వదిలేసి మళ్లీ కొలిస్తే 41. నా కళ్లముందే అది చాపలా పరుచుకోవాలని చూస్తోంది. దానికి నేను వంపు ఇవ్వనే లేదు, బలవంతంగా వంచి అతికించానంతే. పోగులు మాడతాయేమోనన్న భయంతో మూడుసార్లూ హీట్ గన్ పై వైపు నుంచే, దూరం నుంచే పట్టాను. ఆ పద్ధతిలోనే ఒక చెత్త ముక్కని వేడిచేసి వెనక పూత మీద కొలిస్తే 84 డిగ్రీలు దాటలేదు. 84 దగ్గర పాలీఎథిలీన్ మెత్తబడుతుంది, అంతే. ఆకారం మార్చుకోదు.

మిగిలిన కార్పెట్‌లోంచి నాలుగు పట్టీలు కోశాను. ఈసారి వెనక నుంచి వేడిచేసి, ఒకటి 80 దగ్గర, ఒకటి 100, ఒకటి 120, ఒకటి 135 దగ్గర ఆపి, 10 సెంటీమీటర్ల వ్యాసమున్న పైపు చుట్టూ కట్టి చల్లారేదాకా వదిలాను. తర్వాత నాలుగింటినీ ఒక డబ్బాలో పెట్టి రెండు గంటలు 65 డిగ్రీల్లో ఉంచాను, టన్నెల్ మీద ఉండేది అదే వేడి కాబట్టి. 80ది దాదాపు తిన్నగా అయిపోయింది. 100ది సగం విచ్చుకుంది. 120ది పైపు మీద తిరిగి పెడితే చుట్టూ వేలి గోరు దూరేంత సందు మాత్రమే. 135ది అస్సలు కదల్లేదు, కానీ పూత పల్చబడి కట్టిన గుడ్డకి అంటుకుపోయింది, పోగుల మొదళ్లు బయటికి కనిపిస్తున్నాయి. కాబట్టి 120.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. టన్నెల్ పొడుగునా వంపు ఉంటే, ఆ ఒక్క చోటే ఎందుకు? లివర్ అడుగు ప్లేటుకీ టన్నెల్ భుజానికీ మధ్య చిన్న పల్లం ఉంది. కంటికి తెలీదు, వేలికి తెలుస్తుంది. రేకు మీద దారం పరిచి కొలిస్తే 112 మిల్లీమీటర్లు, అదే దారాన్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి బిగదీస్తే 110. కొరత 2 మిల్లీమీటర్లే. కానీ ఆ 2 మిల్లీమీటర్ల గుడ్డ తక్కువైతే నడుమ పల్లానికీ కార్పెట్‌కీ మధ్య 9 మిల్లీమీటర్ల ఖాళీ వస్తుంది! లెక్క వేస్తే సరిగ్గా నేను స్కేలుతో కొలిచిన అంకె. ఇన్నాళ్లూ ఉబ్బు అని పిలుస్తున్నది ఉబ్బు కాదు, పల్లం మీద కట్టిన వంతెన. ఈ అంకె కలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మధ్యాహ్నం కొత్త ముక్క కోశాను. లివర్ కన్నం అంచు నుంచి పల్లం వైపుకి 3 సెంటీమీటర్ల గాటు పెట్టాను. లివర్ మొదట్లో ఉండే రబ్బరు తొడుగుని బిగించే బూట్ రింగ్ చుట్టూ 35 మిల్లీమీటర్లు కప్పుతుంది కాబట్టి గాటు కనబడదు, కానీ గుడ్డ కిందికి జారడానికి చోటిస్తుంది. వెనక నుంచి 120 దాకా వేడిచేసి, టన్నెల్ మీద పరిచి, పల్లంలోకి నాలుగు కిలోల ఇసుక సంచి నొక్కిపెట్టి, నలభై నిమిషాలు ముట్టుకోలేదు. ఇసుక సంచి ఏ పల్లంలోకైనా తనంతట తనే దిగుతుంది, చెక్క దిమ్మతో ఆ పని జరగదు. సంచి తీశాక చూస్తే గాటు 2 మిల్లీమీటర్లు విచ్చుకుంది. కొరత ఎంతో అంత.

జిగురు వెయ్యకుండానే రెండు గంటలు నడిపొచ్చాను. ఇప్పుడు ఖాళీ 1.5 మిల్లీమీటర్లు. ఈ మాత్రం జిగురు పట్టుకోగలదు. వారమంతా ఇలాగే తిప్పి, అది పెరగకపోతే ఆదివారం అతికిస్తాను. పైల్ వాలు ముందు నుంచి వెనక్కి ఉండేలా వెనక సుద్దతో బాణం గీసిపెట్టాను. వాలు తిరగబడితే పక్క ముక్కతో పోలిస్తే వేరే రంగులా కనిపిస్తుంది.

అసలు ఆ 66 డిగ్రీలు ఎక్కడివో కూడా చూడాలి. బండి కిందికి దూరి చూశాను, ఎగ్జాస్ట్ పైపుకీ టన్నెల్‌కీ మధ్య 6 సెంటీమీటర్లే దూరం. ఒకప్పుడు అక్కడ హీట్ షీల్డ్ ఉండేదని చెప్పడానికి నాలుగు విరిగిన బోల్టులు మిగిలాయి. 0.8 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో ఒకటి చెయ్యాలనుకుంటున్నాను, టన్నెల్‌కి ఆనకుండా నడుమ గాలి ఆడేలా స్పేసర్లు పెట్టి. ఆ బోల్టులు ఊడదీయడం తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది, ఈ రాత్రి నుంచే తుప్పు వదిలే నూనె వేసి నానబెడుతున్నాను.

వెనక సామాను పెట్టే చోట కార్పెట్ వెయ్యను. అక్కడ నీళ్లు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమ్, దాని మీద అతికించని రబ్బరు మ్యాట్, వారానికోసారి ఎత్తి కింద తడిచూసేలా. ఫ్లోర్ డ్రెయిన్ ప్లగ్గులు నాలుగింట్లో రెండు ఎండి పగిలాయి. వాటి కన్నం 25.4 మిల్లీమీటర్లు ఉంది, ఆ సైజు రబ్బరు బిరడాల కోసం చూస్తున్నాను. కార్పెట్‌లో వాటి మీద పడే చోట గుండ్రంగా కోసి, వేలితో ఎత్తే మూతల్లా వదిలాను.