కొబ్బరినీళ్లు కూడా వద్దన్నారు

మే నెల ఎండల్లో ఖమ్మంలో పెళ్లికెళ్లి వచ్చాక వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఇంటిదగ్గర ఆర్‌ఎంపీ ఒళ్లు నొప్పులకని ఇంజెక్షన్ చేసి, అవే నొప్పుల గోలీలు రెండు పూటలా వేసుకోమన్నాడు, ఓఆర్‌ఎస్ మాటే ఎత్తలేదు. విరేచనాలు కట్టాయి గానీ మూత్రం బందయింది. వచ్చినా కాస్తంత, అదీ డికాక్షన్ రంగులో.

ఆస్పత్రిలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో 5.8 ఉందన్నారు. 1.2 లోపు ఉండాల్సింది. ఇంక డయాలసిసే అనుకుని అమ్మ అక్కడే కూలబడింది. కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడగట్టి, ఒకటిన్నర లీటరు బయటికి వదిలి మిగతాదంతా మళ్లీ రక్తంలోకే పంపుతాయని డాక్టరు చెప్పారు. ఒంట్లో నీళ్లు తగ్గితే కిడ్నీ తన రక్తనాళాన్ని వెడల్పు చేసుకుని ఎలాగోలా నెట్టుకొస్తుందట, నొప్పుల మందు సరిగ్గా దాన్నే అడ్డుకుంటుందట.

సెలైన్లు ఎక్కించాక బీపీ కుదురుకుంది, మూత్రం మాత్రం రాలేదు. దాంతో తాగు తాగు అన్నవాళ్లే తాగొద్దన్నారు. నిన్న ఎంత మూత్రం వచ్చిందో అంత, దాని మీద చెమటకీ ఊపిరికీ పోయేదాని కింద ఇంకో అర లీటరు, అంతే. మాత్ర మింగిన గుక్కెడు నీళ్లు, మజ్జిగ, ఇడ్లీ మీద పోసిన సాంబారు, అన్నీ సిస్టర్ చార్టులో రాసేది. నాలుక పిడచకట్టుకుపోయేది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ల చేతిలో కొబ్బరిబోండాం! "చలవ చేస్తుంది, తాగరా" అని పిన్ని గ్లాసులో పోసేసింది కూడా. సిస్టర్ లాగేసుకుంది: "పొటాషియం ఇప్పటికే ఎక్కువుందమ్మా, గుండెకి ప్రమాదం." పిన్ని అలిగి మాట్లాడలేదు.

ఆ తర్వాత ఓ రాత్రి మూత్రం మొదలైంది చూడండి, ఇక ఆగదే, రోజుకి నాలుగు లీటర్లు దాటింది! నేను సంబరపడ్డాను, డాక్టరు పడలేదు. కిడ్నీ వదలడం మొదలెట్టింది గానీ నీళ్లనీ ఉప్పునీ వెనక్కి లాక్కునే పని ఇంకా చేతకావట్లేదట. మళ్లీ సెలైన్, రోజూ సోడియం, పొటాషియం పరీక్షలు. ఈసారి పొటాషియం పడిపోయింది, కొబ్బరినీళ్లు తాగొచ్చన్నారు. పిన్ని ముఖం చూడాలి!

డయాలసిస్ తప్పింది. ఇప్పుడు క్రియాటినిన్ 1.1. రోజుకి ఎన్ని లీటర్లు తాగాలని అడిగితే డాక్టరు అంకె చెప్పలేదు, దాహమైతే తాగు, ఎండలో తిరిగితే ఇంకాస్త తాగు, మూత్రం లేత పసుపులో ఉంటే చాలన్నారు. నొప్పుల గోలీలు మాత్రం అడక్కుండా ముట్టుకోవద్దన్నారు. మొన్న పన్ను సలిపితే పారాసిటమాల్‌తోనే సరిపెట్టాను.