ఒక ఒరలో రెండు కత్తులు: నెట్‌వర్క్‌ను నడిపే ఏజెంట్ల మధ్య సయోధ్య గురించి

నెట్‌వర్క్ పర్యవేక్షణ కేంద్రంలో రాత్రి షిఫ్టులు చేసిన రోజుల్లో ఎదురైన ఒక సమస్య నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఒక బేస్ స్టేషన్‌లో అదనపు సామర్థ్యం కోసం పెట్టిన సెల్ (కొంత ప్రాంతానికి సిగ్నల్ ఇచ్చే రేడియో విభాగం) ఒకటి అర్ధరాత్రి దాటిన తరువాత పది పదిహేను నిమిషాలకోసారి ఆగిపోవడం, మళ్లీ తనంతట తానే లేవడం మొదలుపెట్టింది. హార్డ్‌వేర్ లోపమేమోనని కార్డు మార్పించాం, విద్యుత్ సరఫరా చూశాం, ఫైబర్ చూశాం. ఎక్కడా తప్పు దొరకలేదు. చివరికి తేలిందేమిటంటే, ఆ సెల్ మీద రెండు స్వయంచాలక వ్యవస్థలకు అధికారం ఉంది. విద్యుత్ ఆదా చేసే వ్యవస్థ, రద్దీ తగ్గిందని చూసి సెల్‌ను నిద్రపుచ్చేది. దానితో అందులోని ఫోన్లన్నీ పక్క సెల్ మీద పడి అక్కడ రద్దీ పెరిగేది. రద్దీని సర్దే వ్యవస్థ అది గమనించి, సామర్థ్యం చాలడం లేదని నిద్రపోయిన సెల్‌ను లేపేది. లేచిన సెల్‌లో ఫోన్లు తక్కువే కనుక మొదటి వ్యవస్థ దాన్ని మళ్లీ నిద్రపుచ్చేది.

ఆ రెండూ వేర్వేరు తయారీదారులవి, ఒకదాని ఉనికి మరొకదానికి తెలియదు. రెండింటి లాగ్‌లలోనూ ప్రతి చర్య పక్కన ‘విజయవంతం’ అనే రాసి ఉంది. ఒక లాగ్ స్థానిక సమయంలో, మరొకటి యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉండడం వల్ల వాటిని పక్కపక్కన పెట్టి వరుసలు కలిపి చదివేదాకా అసలు సంగతి బయటపడలేదు. సెల్ అంచున ఉన్నవాళ్ల కాల్స్ తెగిపోతూనే ఉన్నాయి, మా తెరల మీద మాత్రం ఏ వ్యవస్థా తప్పు చేసినట్టు కనిపించలేదు.

టెలికం నెట్‌వర్క్‌లను అనేక కృత్రిమ మేధ ఏజెంట్లు, అంటే పరిస్థితి చూసి తమంతట తాము నిర్ణయాలు తీసుకునే ప్రోగ్రామ్‌లు, కలిసి నడపడం గురించి ఇప్పుడు చాలా చర్చ జరుగుతోంది. ఆ చర్చ చదివినప్పుడల్లా నాకు ఆ సెల్ గుర్తుకొస్తుంది. ఏజెంటు ఎంత తెలివైనది, ఏ మోడల్ వాడుతుంది అన్న ప్రశ్నలకు దొరుకుతున్నంత శ్రద్ధ, రెండు ఏజెంట్లు ఒకే వస్తువు మీద చేయి వేసినప్పుడు ఎవరి మాట చెల్లాలి, ఆ సంగతి ఎక్కడ రాసి ఉండాలి అన్న ప్రశ్నలకు దొరకడం లేదు. ఆ రెండో రకం ప్రశ్నలకు సమాధానం ఏ ఒక్క సంస్థ గుప్పిట్లోనూ ఉండకూడదని, అది ఓపెన్ సోర్స్‌గా, అందరూ చదివి సవరించగలిగేదిగా ఉండాలని నేను నమ్ముతున్నాను.

ఈ తగవు కొత్తదేమీ కాదు. తనను తాను సర్దుకునే నెట్‌వర్క్ అనే భావన మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు రాసే 3జీపీపీ ప్రమాణాల్లోకి 2008లో, ఎనిమిదో విడతతోనే వచ్చింది. ఆ తరువాతి విడతలో రద్దీ సర్దుబాటు, హ్యాండోవర్ (ఫోను ఒక సెల్ నుంచి మరోదానికి మారడం) స్థిరత్వం అనే రెండు పనులు చేరాయి. మొదటిది రద్దీగా ఉన్న సెల్ అంచులోని ఫోన్లను పక్క సెల్‌కు కాస్త ముందుగానే పంపడానికి, ఫోను ఎప్పుడు మారాలో నిర్ణయించే ఆఫ్‌సెట్ విలువను మారుస్తుంది. రెండోది, హ్యాండోవర్ మరీ తొందరగా జరిగి విఫలమవుతోందని గుర్తించి అదే విలువను వెనక్కి లాగుతుంది. ఇటువంటి తగవులను తీర్చడానికి ప్రత్యేకంగా సమన్వయ పద్ధతులు రూపొందించవలసి వచ్చింది. వేర్వేరు తయారీదారుల రేడియో పరికరాలు కలిసి పనిచేసేలా ప్రమాణాలు రాయడానికి 2018లో ఏర్పడిన ఓ-రాన్ అలయన్స్ కూడా తన నియంత్రికల్లో ఇదే సమస్యను మూడు రకాలుగా చూస్తుంది. రెండు అప్లికేషన్లు ఒకే పరామితిని, అంటే సర్దగలిగే ఒకే విలువను, మార్చడం మొదటి రకం. ఒకటి యాంటెన్నా వంపును, మరొకటి ఆఫ్‌సెట్‌ను మార్చినా ఆ రెండింటి ప్రభావం ఒకే హ్యాండోవర్ సరిహద్దు మీద పడడం రెండో రకం. పైకి ఏ సంబంధమూ కనిపించని రెండు నిర్ణయాలు చివరికి ఒకదాని లక్ష్యాన్ని మరొకటి దెబ్బతీయడం మూడో రకం. మొదటి రకాన్ని ముందే పట్టుకోవచ్చు, మూడో రకం జరిగిన తరువాత కొలతల్లో తప్ప కనిపించదు. నా సెల్ కథ మొదటి రకానిదే, అయినా మాకు అన్ని రాత్రులు పట్టింది.

ఇంతకీ అనేక ఏజెంట్లు ఎందుకు, ఒక్కటి సరిపోదా అంటే, నెట్‌వర్క్ నిర్మాణమే దానికి సమాధానం. ఒక ఫైబర్ తెగినప్పుడు రేడియో వైపు వందల సెల్‌ల అలారాలు మోగుతాయి, స్టేషన్లను కలిపే ట్రాన్స్‌పోర్ట్ వైపు ఒక్క లింకు పోయినట్టు కనిపిస్తుంది, ఫోన్లను నమోదు చేసుకుని సేవలు నడిపే కోర్ వైపు నమోదైన ఫోన్ల సంఖ్య పడిపోతుంది. మూడు చోట్లా పరికరాలు వేరు, తయారీదారులు వేరు, నడిపే బృందాలు వేరు. టెలికం సంస్థల సమాఖ్య అయిన టీఎం ఫోరమ్ సున్నా నుంచి ఐదు దాకా నిర్వచించిన స్వయంపాలన స్థాయుల్లో, నెట్‌వర్క్ చాలావరకు తన పని తానే చూసుకునే నాలుగో స్థాయికి చేరాలంటే ఈ మూడు ముక్కలనూ కలిపి చూసి నిర్ణయం తీసుకోవాలి. ప్రతి రంగానికీ దాని సంగతి తెలిసిన ఏజెంటు ఉండి, అవి మాట్లాడుకోవడం అందుకు సహజమైన మార్గం.

చాలామంది మరచిపోయిన చరిత్ర ఒకటి ఇక్కడ చెప్పాలి. ఏజెంట్లు మాట్లాడుకోవడానికి ఉమ్మడి భాష కావాలన్న ఆలోచనతో 1996లో ఫిపా అనే ప్రమాణాల సంస్థ ఏర్పడింది. ఆ ప్రమాణాలను అమలుచేసిన జేడ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌ను తయారుచేసింది టెలికం ఇటాలియా పరిశోధనశాలే. 2000లో దాన్ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశారు. అంటే ఓపెన్ సోర్స్, బహుళ ఏజెంట్లు, టెలికం అనే మూడూ పాతికేళ్ల క్రితమే ఒకచోట కలిశాయి. ఆ ప్రమాణాల్లో ప్రతి సందేశానికీ ఒక ఉద్దేశం తప్పనిసరిగా ఉండేది: ప్రతిపాదన, అంగీకారం, తిరస్కారం, నిరాకరణ వంటివి. 1980లో రీడ్ స్మిత్ ప్రతిపాదించిన కాంట్రాక్ట్ నెట్ పద్ధతి, అంటే పనిని ప్రకటించడం, చేయగలిగినవాళ్లు బిడ్ వేయడం, ఒకరికి అప్పగించడం, అందులో భాగమైంది. నాకు అన్నిటికంటే నచ్చేది ‘అర్థం కాలేదు’ అని చెప్పడానికి వాళ్లు ఒక ప్రత్యేక సందేశాన్నే కేటాయించడం. భాషా మోడళ్ల మీద నడిచే నేటి ఏజెంట్లు అర్థం కానిచోట కూడా ఏదో ఒక సమాధానం అల్లేస్తాయి. నెట్‌వర్క్‌లో ఆ అలవాటు చాలా ప్రమాదకరం.

ఈ తరం ప్రోటోకాల్‌లు ఆ పని కొంతవరకు మళ్లీ చేస్తున్నాయి. 2024 నవంబరులో వచ్చిన ఎంసీపీ, ఏజెంటు తన పనిముట్లను చేరుకునే దారిని ఏకరూపం చేసింది. 2025 ఏప్రిల్‌లో గూగుల్ ప్రకటించి, అదే సంవత్సరం జూన్‌లో లైనక్స్ ఫౌండేషన్‌కు అప్పగించిన ఏ2ఏ, ఒక ఏజెంటు మరొకదాన్ని గుర్తించి పని అప్పగించే పద్ధతిని నిర్వచించింది. అప్పగించిన పని ఏ దశలో ఉందో, ముందుకు సాగడానికి ఇంకా సమాచారం కావాలా అన్నది చెప్పే స్థితులు కూడా అందులో ఉన్నాయి. ఇవి మంచి పునాదులు. అయితే అవి చెప్పేది ఎలా మాట్లాడాలన్నదే. విద్యుత్ ఆదాకూ కాల్ నాణ్యతకూ మధ్య తగవు వస్తే ఎవరిది పైచేయి అన్నది టెలికం వాళ్లు రాసుకోవలసిన నియమం. తయారీదారులు తలా ఒక రహస్య నియమం రాసుకుంటే, ఏజెంట్లు ఎంత మర్యాదగా సంభాషించినా, ఆ రాత్రి కథ ఇంకా పెద్ద ఎత్తున పునరావృతమవుతుంది.

ఈ నమ్మకాన్ని పరీక్షించుకోవడానికి ఓపెన్5జీఎస్ అనే ఓపెన్ సోర్స్ 5జీ కోర్‌ను, ఫోన్లనూ బేస్ స్టేషన్లనూ అనుకరించే యూఈరాన్‌సిమ్ సిమ్యులేటర్‌ను ఒక కంప్యూటర్ మీద నడిపి, సెషన్ల బ్యాండ్‌విడ్త్ పరిమితులను మార్చగలిగే రెండు ఏజెంట్లను పెట్టుకున్నాను. ఒకదాని లక్ష్యం వాడుకదారులకు వేగం, మరొకదాని లక్ష్యం మొత్తం వినియోగాన్ని ఒక హద్దులో ఉంచడం. మొదట వాటిని మామూలు వాక్యాల్లో చర్చించుకుని ఒక ఒప్పందానికి రమ్మన్నాను. అవి చాలా త్వరగా ఒప్పందానికి వచ్చాయి. కానీ సంభాషణలు చదివితే, ఎవరు గట్టిగా చెబితే రెండోది వాళ్ల వైపు ఒరిగిపోతోందని, వాదన బలానికీ ఫలితానికీ పొంతన లేదని అర్థమైంది. అదే పరిస్థితిని రెండుసార్లు ఇస్తే రెండు వేర్వేరు ఒప్పందాలు వచ్చాయి.

తరువాత పద్ధతి మార్చాను. ఏ మార్పు చేయాలన్నా ముందుగా ఒక ఉమ్మడి చిట్టాలో రాయాలి: ఏ వస్తువు, ఏ పరామితి, పాత విలువ, కొత్త విలువ, ఏ లక్ష్యం కోసం, ఎంత సేపటి వరకు, ఏ కొలత ఎంత దాటితే వెనక్కి తీసుకోవాలి. అలా రాయడంతో ఆ విలువను మార్చే హక్కు వస్తుంది, గడువు తీరితే అది తనంతట తానే పోతుంది. ఈ ఏడు గడులు నిండాక, ఒకే పరామితి మీద రెండు హక్కులు పడుతున్నాయో లేదో చూడడానికి మోడల్ అక్కరలేదు, పదుల వరుసల మామూలు ప్రోగ్రామ్ చాలు. అది ప్రతిసారీ ఒకే తీర్పు ఇస్తుంది, ఆ తీర్పు ఎందుకు వచ్చిందో ఎవరైనా చదువుకోవచ్చు. పరిస్థితిని అర్థం చేసుకుని ప్రతిపాదన రాయడం మోడల్ పని, తీర్పు మాత్రం బహిరంగంగా రాసిన నియమానిదే కావాలి అన్న అభిప్రాయం నాకు ఆ ప్రయోగంతో స్థిరపడింది. వేగం దృష్ట్యా కూడా అదే సబబు. ఓ-రాన్ నిర్మాణంలో పది మిల్లీసెకన్ల నుంచి ఒక సెకను లోపు జరిగే నియంత్రణ ఒక పొరలో, సెకనుకు మించిన నియంత్రణ మరో పొరలో ఉంటాయి. జవాబు చెప్పడానికే సెకన్లు తీసుకునే భాషా మోడళ్ల స్థానం రెండో పొరలోనే.

వెనక్కి తీసుకోవడం గురించి ఇంకొంచెం చెప్పాలి. నెట్‌వర్క్ పరికరాల అమరికలను దూరం నుంచి మార్చడానికి వాడే నెట్‌కాన్ఫ్ ప్రోటోకాల్‌లో ‘నిర్ధారణ కోరే కమిట్’ అనే సదుపాయం ఉంది. మార్పు అమలైన తరువాత నిర్ణీత సమయంలోగా, వేరే విలువ ఇవ్వకపోతే 600 సెకన్లలోగా, రెండో నిర్ధారణ రాకపోతే పరికరం పాత కాన్ఫిగరేషన్‌కు తానే తిరిగి వెళ్తుంది. మార్పు వల్ల పరికరానికి దారే మూసుకుపోయినా ఇది పనిచేస్తుంది. మార్పు చేసిన ఏజెంటుకు కాకుండా, కొలతలు మాత్రమే చూసే వేరొక ఏజెంటుకు ఆ రెండో నిర్ధారణ ఇచ్చే అధికారం ఉంటే, ఎవరి పనికి వారే మార్కులు వేసుకునే ప్రమాదం తప్పుతుంది.

ఆ ప్రమాదం ఎంతటిదో కెనడాలో 2022 జూలై 8న రోజర్స్ నెట్‌వర్క్ కుప్పకూలినప్పుడు తెలిసింది. కోటీ ఇరవై లక్షల మందికి పైగా సేవలు ఆగిపోయాయి. ఏడు దశల మార్పుల్లో ఆరో దశలో దారుల సమాచారాన్ని వడపోసే ఒక రూటింగ్ ఫిల్టర్‌ను తొలగించడంతో కోర్ రూటర్లు మోయలేనంత సమాచారం వాటి మీద వచ్చి పడింది. తరువాత జరిగిన స్వతంత్ర సమీక్షలో బయటపడిన ఒక విషయం నన్ను చాలా కలవరపెట్టింది. మొదట అధిక ప్రమాదంగా గుర్తించిన ఆ మార్పుల క్రమం ఆరో దశకు వచ్చేసరికి తక్కువ ప్రమాదంగా మారింది. ముందరి దశలు సాఫీగా సాగాయన్న దాన్ని లెక్కలోకి తీసుకునే అల్గారిథమ్ ఆ మాట చెప్పింది. పైగా పరికరాలను చేరుకోవడానికి వాడే నిర్వహణ నెట్‌వర్క్ కూడా అదే కోర్ మీద ఆధారపడి ఉండడంతో ఇంజనీర్లు చాలాసేపు లోపలికి వెళ్లలేకపోయారు. గత విజయాలను బట్టి ఏజెంటు స్వేచ్ఛను పెంచుకుంటూ పోదామనే ప్రతి ప్రతిపాదన ముందూ నేను ఈ ఉదాహరణ పెడుతున్నాను. నిన్నటి మార్పు ఏ పరికరాన్ని తాకిందో, నేటి మార్పు ఏ పరికరాన్ని తాకుతుందో పోల్చకుండా విజయాల సంఖ్య మాత్రమే లెక్కపెట్టే నమ్మకం నమ్మకమే కాదు. ఆ లెక్క కట్టే కోడ్ తెరిచి ఉంటే, ఇటువంటి ప్రశ్నను బయటి ఇంజనీరు ఎవరైనా ముందే అడగగలిగేవారు.

ప్రస్తుతం నన్ను పట్టి ఉంచిన చిక్కు మనుషులకు సంబంధించినది. షిఫ్టులో ఉన్న ఇంజనీరు అత్యవసరంగా కమాండ్ లైన్‌లోకి వెళ్లి ఒక విలువ మారుస్తాడు. ఆ హడావిడిలో చిట్టాలో ఏడు గడులు నింపమని అతన్ని అడగడం న్యాయం కాదు. అతను నింపకపోతే, ఏజెంటు దృష్టిలో ఆ మార్పు ఒక లోపంగా కనిపించి, కొద్ది నిమిషాల్లో అది పాత విలువను తిరిగి పెట్టేస్తుంది. నెట్‌కాన్ఫ్‌లో కాన్ఫిగరేషన్ మారినప్పుడు ఎవరు, ఏ సెషన్‌లో, ఏది మార్చారో తెలిపే ప్రకటన 2012 నుంచే ప్రమాణంగా ఉంది. ఆ ప్రకటన రాగానే ఇంజనీరు తరఫున చిట్టాలో ఒక హక్కును తానే నమోదు చేసి, షిఫ్టు ముగిసేదాకా ఆ పరామితిని ఏ ఏజెంటూ తాకకుండా ఆపే చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. గడువు షిఫ్టుతో ముగియాలా, లేక తరువాతి ఇంజనీరు చదివి సంతకం చేసేదాకా కొనసాగాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. రాత్రి షిఫ్టులు చేసినవాడిగా నేను రెండో దాని వైపే మొగ్గుతున్నాను.